అన్నీ అసలు పార్టులే ఉన్న వాచీ

పాల్వంచ బస్టాండ్ ఎదురుగా, సైకిల్ షాపుకూ చాయ్ హోటల్‌కూ నడుమ, ఒక మనిషి కాళ్లు ముడుచుకుని కూర్చునేంత చెక్క డబ్బా ఉండేది. అందులో కూర్చుని వాచీలు బాగుచేసే దస్తగిరికి కోపం ముక్కు మీద ఉంటుందని చుట్టుపక్కల అందరికీ తెలుసు. అతన్ని కదిలించి నాలుగు మాటలు పడి నవ్వుకోవడం పవర్‌హౌస్‌లో డ్యూటీ దిగి వచ్చేవాళ్లకు చాయ్‌తోపాటు అలవాటు.

"దస్తగిరీ, ఒరిజినల్ పార్టే ఏస్తున్నవా?" అని ఎవడో ఒకడు అంటించేవాడు.

దస్తగిరి కంటికి బిగించుకున్న లెన్స్ తీసేవాడు కాదు. రెండో కంటితోనే వాణ్ని కిందినుంచి పైదాకా చూసేవాడు.

"నీ నోట్ల పండ్లన్నీ ఒరిజినలేనా? ముంగటియి కట్టించుకున్నవి గద. కూరల బొక్కలు కొరుకుతలేవా మరి?"

"పండ్లు వేరు, వాచీ వేరు భాయ్."

"ఏం వేరు లేదు. నడిస్తే అసలుది, నడవకుంటే నకిలీది. అంత మోజుంటే కొత్తగూడెం పో, అద్దాల దుకాణంల అడుగు నీ ఒరిజినల్."

అసలుకూ నకిలీకీ తేడా తెలియక అన్న మాట కాదది. ఖమ్మంలో ఇబ్రహీం ఉస్తాద్ దగ్గర చిన్నప్పుడే నేర్చిన పని. ముళ్ల మీది రేడియం, డయల్ మీది రేడియం ఒకే తీరుగా ముసలివైతే రెండూ కలిసి పుట్టినట్టు. డయల్ గోధుమరంగుకు తిరిగి ముళ్లు మాత్రం పచ్చగా మెరుస్తుంటే ముళ్లు పరాయివి. మర తల మీది గాడి చెదిరి ఉంటే ఎవడో వేలు పెట్టినట్టు. ఇవన్నీ ఒక్క చూపులో పట్టేవాడు. పట్టి, నోరు మూసుకునేవాడు. గనిలో దిగేవాడికీ, అడవిలో తునికాకు కోసేవాడికీ కంపెనీ పార్టు ఎక్కణ్నుంచి వస్తుంది? చచ్చిన రెండు మూడు వాచీలను విప్పి ఒకదాన్ని బతికించడమే అతను చేసే పని. అట్లా బతికిన దాన్ని డూప్లికేట్ అన్నవాడి మీద అతనికి మండేది.

ఉస్తాద్ నేర్పిన ఆచారం ఇంకోటి ఉంది. బాగుచేసిన వాచీ వెనక మూత లోపలి వైపు సూదితో తన గుర్తు గీయాలి. మళ్లీ ఎప్పుడైనా ఎవరైనా విప్పితే ఇది ఫలానా వాడి చేతి మీదుగా పోయిందని తెలియడానికి. దస్తగిరి గుర్తు తేలు తోకలాంటి ఒక వంకర గీత. అంతే. వాచీ ఎవరిదో రాసేవాడు కాదు. వాచీలు చేతులు మారుతుంటాయి, పేరు ఎందుకు అనేవాడు.

అడవి అంచు తండా నుంచి మోతీలాల్ ఒక పాత స్విస్ వాచీ పట్టుకుని వచ్చినప్పుడు అది వాచీలా లేదు. గనిలో దిగి దిగి రిటైరైన ఒక కార్మికుడి దగ్గర కొన్నాడట. నల్ల డయల్. మూత తెరిస్తే బొగ్గుపొడి. తిరగాల్సిన చక్రం విరిగింది. కీ తిప్పే పుల్ల లేదు. డయల్‌ను పట్టి ఉంచే కాళ్లు ఊడిపోయాయి.

"గిది గడియారం కాదు మోతీలాల్, శవం" అన్నాడు దస్తగిరి.

"శవమైతే నీ దగ్గరకెందుకు తెస్త భాయ్, కాలుస్తుంటి" అన్నాడు మోతీలాల్.

ఆ మాటకు దస్తగిరికి నవ్వొచ్చింది. అతనికి నవ్వు రావడమే అరుదు. చక్రం ఒక హెచ్ఎంటీలోంచి తీసి సర్దాడు. కీ పుల్లకు ఏదీ కుదరలేదు. చివరికి ఇంట్లో భార్య తాహెరా జాకెట్లు కుట్టే మిషన్ సూది ఒకటి విరిగితే, దాన్ని ఆకురాయితో అరగదీసి పుల్ల చేశాడు. డయల్ అతకడానికి మోతీలాలే మోదుగ కొమ్మ మీది లక్క తెచ్చాడు. కరగబెట్టి చుక్కలు చుక్కలుగా పెడితే డయల్ కదలకుండా కూర్చుంది.

"ఇంతకూ ఇప్పుడిది ఏ కంపెనీ వాచీ అయినట్టు భాయ్?"

"మన కంపెనీది. లక్క నీది, సూది నా ఇంటిదాంది. ఫారిన్ వాడు దీనికి ఇచ్చింది పేరొక్కటే."

ఆ సంగతి మోతీలాల్ తండా అంతా చెప్పుకున్నాడు. కలిసినప్పుడల్లా తాహెరాతో, "బేన్, నీ సూది ఇంకా నడుస్తనే ఉంది, నువ్వే ఆగినవ్" అని ఎకసెక్కాలాడేవాడు.

అదే కంపెనీ వాచీ, అదే నల్ల డయల్‌ది, వెంకటప్పయ్యకూ ఉండేది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొని, మిరప వేసి, ఆకు కాంట్రాక్టు పట్టి పెద్దమనిషైన ఆసామి. వాచీ మామగారు పెట్టింది. అది రిపేరుకు వస్తే వెంకటప్పయ్య స్టూలు వేయించుకుని పని అయ్యేదాకా ఎదురుగానే కూర్చునేవాడు.

"ఇందులో బయటి సరుకు నలుసంత కూడా పడటానికి వీల్లేదు దస్తగిరీ. పార్టు కావాలంటే బొంబాయి నుంచి నేను తెప్పిస్తాను. నువ్వు మాత్రం నీ తెలివితేటలు చూపించకు."

తెప్పించాడు కూడా. దస్తగిరి పళ్లు కొరుక్కుంటూ వేశాడు. మూత పెట్టబోతూ సూదితో గీకుతుంటే వెంకటప్పయ్య చేయి అడ్డం పెట్టాడు.

"ఏంటది? ఏం గీకుతున్నావ్?"

"నా గుర్తు. నా చేతి కిందికి వచ్చిన ప్రతి వాచీకి ఉంటది."

"ప్రతి వాచీకీనా?"

"కూలోనిదైనా, మీదైనా."

వెంకటప్పయ్య మొహం చిట్లించాడు. కానీ ఆ మాట మనసులో పెట్టుకున్నాడు.

ఆ ఎండాకాలం తండావాళ్లు ఏళ్ల తరబడి దున్నుకుంటున్న పోడు చుట్టూ వెంకటప్పయ్య కంచె వేశాడు. కాగితాలున్నాయన్నాడు. అడవి నరికి చదును చేసినవాళ్లకు కాగితం లేదు, ఆ నేల మీద ఏనాడూ కాలు పెట్టనివాడికి ఉంది. మోతీలాల్ తండాను వెంటబెట్టుకుని పోయి కంచె గుంజలు పీకించాడు. ఆ వారం సంతలో, పట్టపగలు, మిరపకాయల కుప్పల నడుమ పోలీసు జీపు ఆగింది. అతన్ని ఎక్కించుకుని పోయింది. భార్య హేమ్లి జీపు వెనక పరుగెత్తింది. సంత మొత్తం చూసింది.

స్టేషన్‌కు పోతే, "మేం ఎవ్వర్నీ తేలేదు. బస్తర్ దిక్కు పారిపోయి ఉంటడు, పో" అన్నారు. హేమ్లి పోలేదు. తండా ఆడవాళ్లు కూడబలుక్కుని ఆమెను ఖమ్మం తీసుకుపోయారు. అక్కడ నిర్మలాదేవి అనే వకీలు ఆమె మాట విని హైకోర్టులో కేసు వేసింది. మనిషిని తెచ్చి చూపించమని కోర్టు అడిగింది.

మనిషిని చూపించమంటే పోలీసులు వాచీ చూపించారు.

వానలు పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం జీపు వచ్చి డబ్బా ముందు ఆగింది. స్టేషన్ జమేదార్ చెంచురామయ్య దిగాడు. వెనక నుంచి హేమ్లి దిగింది. తడిసిన మేకపిల్లలా వణుకుతోంది.

"చూడు దస్తగిరీ," అన్నాడు జమేదార్, "అడవిల ఒక పీనుగ దొరికింది. గుర్తుపట్టే తీరు లేకుండె, జంతువులు పీకినయి. పూడ్చిపెట్టినం. చేతికి గీ వాచీ ఉంది. ఈమె నమ్ముతలేదు. మోతీలాల్ వాచీ నువ్వే బాగుచేసినవట గద. నీ గుర్తు ఉందో లేదో చూసి చెప్పు, ఈమె వేలిముద్ర ఏస్తది, ఆడికి అయిపోతది."

వాచీకి పట్టీ లేదు. అద్దం పగిలింది. డయల్ నిండా బురద ఎండి నల్లదో ఎర్రదో తెలియకుండా ఉంది.

"చూడు భాయ్," అంది హేమ్లి.

దస్తగిరి వాచీ అందుకున్నాడు. వాచీని బోర్లించి మూత తిప్పి తీశాడు. మూత చేతిలోకి రాగానే వెలుతురుకు పెట్టి చూశాడు. తేలు తోక గీత. తన చేతి గీత. కళ్లు మసకబారాయి. మూత తప్ప ఇంకేదీ చూడలేదు.

"అవ్," అన్నాడు. "నా గుర్తే చెల్లె."

హేమ్లి అక్కడే తడి మట్టిలో కూలబడింది. తర్వాత వచ్చిన ఏడుపుకు బస్టాండ్‌లో బస్సెక్కేవాళ్లు వెనక్కి తిరిగారు. ఏడుస్తూనే మోచేతి పైన వేసుకున్న తెల్లటి గాజులు ఒక్కోటే లాగడం మొదలుపెట్టింది. వాళ్ల తండాలో అవి మొగుడు పోయినప్పుడే తీస్తారు.

"ఇగ పంచనామా రాస్త," అని జమేదార్ చాయ్ హోటల్ బల్ల మీద కాగితాలు పరిచాడు. "ఒక చాయ్ పట్రా, చక్కెర ఎక్కువ."

దస్తగిరికి ఏం చేయాలో తోచలేదు. కనీసం ఆ బురదైనా తుడిచి ఆమె చేతిలో పెడదామనుకున్నాడు. మోతీలాల్‌ది కదా, మట్టితో ఇవ్వకూడదనుకున్నాడు. లెన్స్ బిగించి, మెత్తటి కుచ్చుతో డయల్ మీది బురద దులిపాడు. డయల్ కదులుతుందేమో, లక్క తడిసి ఊడుతుందేమోనని వేలితో అదిమి పట్టాడు. కదలలేదు. డయల్‌కూ లోపలి పలకకూ సందులోంచి చూస్తే లక్క లేదు. కంపెనీ కాళ్లున్నాయి, చక్కగా, నిటారుగా.

దస్తగిరి లెన్స్ మళ్లీ బిగించాడు. వాచీని తిప్పాడు. చక్రం మీద హెచ్ఎంటీ ముద్ర లేదు, ఫారిన్ కంపెనీ ముద్ర ఉంది. మరలు కొత్త పెళ్లికూతురి ముక్కుపుడకల్లా మెరుస్తున్నాయి. వానలో, పీనుగ చేతికి రోజుల తరబడి ఉన్న వాచీలో ఉక్కుకు తుప్పు లేదు. బురద పైపైనే ఉంది, ఎవరో చేత్తో పూసినట్టు. చిమ్టా అనే సన్న పట్టకారుతో కీ పుల్ల బయటికి లాగాడు. అది మిషన్ సూది కాదు. బొంబాయి నుంచి వచ్చిన పుల్ల. వేసింది తనే. స్టూలు మీద కూర్చుని కాపలా కాస్తూ వేయించుకున్నది వెంకటప్పయ్య.

ఈ జిల్లాలో తన గుర్తు ఉండీ, ఒక్క పరాయి పార్టు కూడా లేని వాచీ అది ఒక్కటే.

కోపం దస్తగిరికి కొత్త కాదు. కానీ ఇంతకుముందు వచ్చిందంతా నోటి కోపం. ఇది కడుపులోంచి లేచింది. మొదట తన మీదే. గీత చూసి ఒక ఆడమనిషిని విధవను చేశాడు. వాళ్లకు కావలసింది అదే. వాచీని కాదు వాళ్లు తెచ్చింది, తన గీతను తెచ్చి తన చేతనే చంపించారు.

డబ్బాలోంచి దూకాడు. హేమ్లి చేయి పట్టుకుని ఆపాడు.

"చెల్లె, గాజులు తియ్యకు. ఎక్కించుకో. ఇది మోతీలాల్‌ది కాదు."

హేమ్లికి అర్థం కాలేదు. "నీ గుర్తే అంటివి గద భాయ్."

"గుర్తు నాదే. వాచీ అతనిది కాదు. నేను ముందుగాల మూత చూసిన, లోపల చూడలే. నాది తప్పు. మోతీలాల్ దాంట్ల మా ఇంటిదాని సూది ఉండె. లక్క ఉండె. దీంట్ల అన్నీ ఒరిజినలే. ఇంత మంచి వాచీ మోతీలాల్‌కు ఎక్కడిది?"

జమేదార్ చాయ్ గ్లాసు దించాడు. లేచి రాలేదు. కూర్చున్నచోటి నుంచే నవ్వాడు.

"ఏంది దస్తగిరీ, గడియకో మాట? నీ గుర్తే అన్నవు, అందరు విన్నరు. పార్టులు మార్పించుకున్నడేమో."

"ఎవరితోని? వేరేటోడు విప్పితే వాని గుర్తు ఉంటది. ఇంత కూడా తుప్పు లేదు, చూస్తవా జమేదార్ సాబ్? నీ పీనుగ వానల తడిసింది గని వాచీ తడవలేదా?"

చుట్టూ జనం చేరారు. డ్యూటీ దిగిన షిఫ్టువాళ్లు గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. ఎప్పుడూ అంటించేవాళ్లలో ఒక్కడూ నవ్వలేదు.

హేమ్లి లేచింది. తీసిన గాజులను ఒక్కోటే మళ్లీ చేతికి ఎక్కించుకుంది. తడి చేతికి అవి ఎక్కనంటున్నా నెట్టి నెట్టి ఎక్కించింది. అంతా అయ్యాక జమేదార్ ముందుకు పోయి నిలబడింది.

"మరి నా మొగుడేడి?"

జమేదార్ కాగితాలు మడిచాడు. వాచీని దస్తగిరి ముందునుంచి తీసుకుని జేబులో వేసుకున్నాడు. హేమ్లి అడిగినదానికి జవాబు చెప్పకుండానే జీపెక్కాడు. జవాబు తెలియకనా? తెలిసే.

మర్నాడు పొద్దున వెంకటప్పయ్యే స్వయంగా వచ్చాడు. ఈసారి స్టూలు అడగలేదు. చేతికి బ్యాటరీ వాచీ ఉంది.

"ఏంటి దస్తగిరీ, ఊరంతా ఏదేదో చెబుతున్నావట."

"మీ మామగారు పెట్టిన వాచీ ఏదయ్యా? ఒక్కసారి చూపియ్, నా నోరు మూసుకుంట."

"అమ్మేశాను."

"ఎవరికి?"

"నీకు చెప్పాలా?" వెంకటప్పయ్య గొంతు తగ్గించాడు. "చూడు, గడియారాలు నువ్వు చూసుకో. మనుషుల సంగతి మాకు వదిలెయ్. ఆడమనిషి కదా, ఎన్నాళ్లని తిరుగుతుంది? ఒక వేలిముద్ర పడితే ఆమెకూ మనశ్శాంతి. నువ్వు మొదట చెప్పిన మాట మీదే ఉండు. నిన్ను ఎవరూ ఏమీ అనరు."

"మీకు మేమంతా ఒక్కటేనయ్యా," అన్నాడు దస్తగిరి. "మోతీలాల్ అయితేంది, ఇంకోడు అయితేంది. ఏ పీనుగనైనా అతనే అంటరు. మీ వాచీల మాత్రం నలుసంత బయటిది పడొద్దు. గదే మిమ్మల్ని పట్టిచ్చింది."

వెంకటప్పయ్య మొహంలో సిగ్గేమీ లేదు. "సరే, నీ ఇష్టం," అని చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

రాత్రి చెప్పలేనిది ఆ మధ్యాహ్నం ఇంటికి పోయి చెబితే తాహెరా మిషన్ తొక్కడం ఆపింది.

"నా సూది కాదా అది?"

"కాదు."

"నువ్వు సరిగ్గ చూసినవా? నిన్న కూడా చూసిన అనే చెప్పినవట."

ఆ మాట దస్తగిరికి చురుక్కున తగిలింది. తగలాలనే ఆమె అంది. "చూసిన," అన్నాడు. "ఈసారి చూసిన."

"అయితే కోర్టుల చెప్పు. భయమైతే నేను చెప్త. సూది నాదే గద."

ఇద్దరూ వెళ్లారు. ఖమ్మంలో నిర్మలాదేవి చెప్పిన చోటల్లా వెళ్లారు, హైదరాబాద్ దాకా. అవతలి వకీలు, "నువ్వు మొదట నీ గుర్తేనని ఒప్పుకున్నావా లేదా?" అని ఒకటే ప్రశ్నను తిప్పి తిప్పి వేశాడు. ఒప్పుకున్నానన్నాడు దస్తగిరి, ఎందుకు ఒప్పుకున్నాడో, ఎక్కడ మోసపోయాడో చెప్పాడు. వాచీ తెప్పించండి, అందరి ముందూ విప్పుతాను అన్నాడు. వాచీ రాలేదు. స్టేషన్‌లో ఎలుకలు సంచి కొరికాయట, వస్తువు ఎటో పోయిందట. ఉక్కు తినే ఎలుకలు ఆ స్టేషన్‌లోనే ఉన్నాయి.

కేసు వాయిదాల్లో పడింది. పూడ్చిన పీనుగ మోతీలాల్‌దని మాత్రం రుజువు కాలేదు. ఎవరిదో ఆ పీనుగ, ఏ తల్లి కొడుకో, అతని గురించి అడిగే మనిషే లేకపోయింది. దాని గురించి తలచుకున్నప్పుడల్లా దస్తగిరి చేతిలో చిమ్టా ఆగిపోయేది.

ఆ మధ్యలోనే రోడ్డుకు అడ్డమని బస్టాండ్ ముందున్న డబ్బాను బోర్లించారు. చాయ్ హోటల్ అడ్డం కాలేదు, సైకిల్ షాపు అడ్డం కాలేదు. చక్రాలూ ముళ్లూ మరలూ మురుగుకాలువలో పడ్డాయి. తాహెరా చీర కుచ్చిళ్లు దోపుకుని దిగి, జల్లెడతో దేవింది. దొరికినవి దొరికాయి. షిఫ్టువాళ్లు విరిగిన డబ్బాను మోసుకుపోయి కాలనీ గేటు పక్కన నిలబెట్టారు. మేకులు వాళ్లే కొట్టారు.

"పార్టులు ఒరిజినలేనా భాయ్ డబ్బాకు?" అన్నాడు కట్టుడు పళ్లవాడు.

"నోర్ముయ్," అన్నాడు దస్తగిరి. కానీ ఈసారి ఆ మాటలో కోపం లేదు.

అప్పటినుంచీ అతని ఆచారం మారింది. మూత లోపల తేలు తోక గీత పక్కన వాచీ మనిషి పేరు కూడా గీసేవాడు. పొట్టి అక్షరాల్లో, లెన్స్ పెట్టి. పనికి ఆలస్యమవుతుందని జనం విసుక్కునేవాళ్లు.

"పేరెందుకు భాయ్?"

"మనిషిని అడిగితే గడియారం చూపెడుతున్నరు గద. అందుకు."

బ్యాటరీ వాచీలు వచ్చి చేతి పని తగ్గిపోయిన రోజుల్లో కూడా అతను ఒక పని మానలేదు. ఆ స్విస్ కంపెనీ నల్ల డయల్ వాచీ ఎవరి చేతికి కనబడినా, బాగున్నా సరే, అడిగి విప్పించుకునేవాడు. ముందు కీ పుల్ల లాగి చూసేవాడు. చర్ల నుంచి వచ్చినవాళ్లవి, గోదావరి అవతలి నుంచి వచ్చినవాళ్లవి, ఒకసారి ఒక పోలీసు చేతిది కూడా. కంపెనీ పుల్లలు కనబడ్డాయి, బజారు పుల్లలు కనబడ్డాయి. తాహెరా సూది కనబడలేదు.

సంతరోజు హేమ్లి కాలనీ గేటు దాకా వచ్చేది. కూర్చునేది కాదు. మోచేతి పైన గాజులు అట్లాగే ఉండేవి, కొన్ని పగిలి, కొన్ని కొత్తవి కలిసి.

"దొరికిందా భాయ్?"

"లేదు చెల్లె."

"మళ్లా వచ్చిన్రు వేలిముద్రకు. ఇన్ని రోజులైతే చచ్చిండనే రాసుకోవాలెనట, అట్లయితేనే ఏదో ఇస్తరట."

"నువ్వేమన్నవు?"

హేమ్లి చేయి ఎత్తి గాజులు గలగలలాడించింది. "గిది చూపిచ్చిన. తీసుకపోయినోళ్లే తీసుకొచ్చి చూపియ్యాలె, అప్పుడు తీస్త అన్న."

దస్తగిరి తలూపి, మళ్లీ లెన్స్ బిగించుకున్నాడు. ముందున్న వాచీ మూత లోపల పేరు గీయడం సగంలో ఆగింది. సూది గట్టిగా అదిమి మిగతా అక్షరాలు గీశాడు.